జాజికాయ దేశము

మన పోపుల పెట్టెలో ఏలకులు, లవంగములతో పాటు జాజికాయయు, జాపత్రియు నొక మూలనుండుట మీరెఱిగినదే. తాంబూలములోనికో, పాయసములోనికో చిటికెడు పొడి కావలసిననాడు తప్ప వానిని మనము తలంపము. నేనును మొన్నటివఱకు నట్లే యుంటిని. ఒక పండుగనాడు నేను జాజికాయను కత్తిపీట కొసతో గీకుచుండగా మావారు పాఠశాలనుండి తెచ్చిన దేశపటముల పుస్తకమును నా ముందు పెట్టి, “ఈ కాయను జెండామీద వేసికొన్న దేశమొకటి కలదు. వెదకి చూడుము” అనిరి. ఎంత వెదకినను నాకు కనబడలేదు. తుదకు వారే వ్రేలు పెట్టి చూపిరి. సముద్రపు నీలములో ఆవగింజకంటె చిన్నదైన చుక్క. దాని పేరు గ్రెనెడా.

నాకు నవ్వు వచ్చినది. “ఇంతటి దేశమునకు చరిత్ర యేముండును?” అంటిని. మావారు బదులు పలుకక, మఱునాడు రెండు పుస్తకములు తెచ్చి యిచ్చిరి. బాల్యమున మా తాతగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నదానను. చరిత్రయనగా అక్షౌహిణులు, సామ్రాజ్యములు అని నాకు తలంపు. అందుచేత ఆ పుస్తకములను అటక క్రిందనే యుంచితిని.

ఆ వారముననే పుట్టింటినుండి నాన్నగారి జాబు వచ్చినది. మాది ఉద్దానము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వైపు కొబ్బరితోటలను నేలమట్టము చేసిన సంగతి మీరు వినియుందురు. మా తాతగారు నాటిన చెట్లన్నియు ఆ గాలికి పడిపోయినవి. నాటినుండి నాన్నగారు ఆ నేలను బీడుగానే యుంచిరి. “అమ్మివేయుమని మనవారు చెప్పుచున్నారు. మఱల మొక్కలు నాటుదమన్న అవి కాపునకు వచ్చుసరికి నేనుందునా? ఎవరికొఱకు నాటవలెనమ్మా?” అని ఆయన వ్రాసిరి. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. జాబు మడచి పెట్టితిని. మనసు కుదురక, ఏదో యొకటి చదువుదమని ఆ గ్రెనెడా పుస్తకము తీసితిని. నాకు తెలిసిన దానిని ఇచట మీతో చెప్పుకొనుచున్నాను.

రెండు అమెరికా ఖండముల నడుమ కరిబియను సముద్రము కలదు. దాని తూర్పు అంచున దండలోని పూసలవలె దీవులు వరుసగా నున్నవి. ఆ దండకు దక్షిణపు కొసన, ట్రినిడాడు ద్వీపమునకు ఉత్తరమున నున్నది గ్రెనెడా. కారియాకూ, పెటీ మార్టినీకు అను చిన్న దీవులతో చేర్చి దేశమంతయు 344 చదరపు కిలోమీటరులు. మన మండలములు రెండు కలిపిన నంత. జనసంఖ్య లక్షకు కొంచెము పైన. అగ్నిపర్వతములు ఎత్తిన నేల యగుటచే నడుమ కొండలు, కొండలమీద దట్టమైన అడవి, అంచులయందు తెల్లని యిసుక.

ఆ నేలకు మొదట కరీబులని పరదేశులు పిలిచిన జాతివారు యజమానులు. 1498లో కొలంబసు తన మూడవ యాత్రలో ఓడమీదనుండియే ఆ దీవిని చూచి, దానికొక పేరు పెట్టి, దిగకయే పోయెను. 1609లో ఇంగ్లీషువారు కొందఱు అచట కాపురముండ యత్నించి, కరీబుల యెదిరింపునకు తాళలేక మరలిరి. 1649లో మార్టినీకు ద్వీపమునుండి ఫ్రెంచివారు వచ్చి కోట కట్టిరి. మొదట స్నేహము, పిదప కలహము, తుదకు యుద్ధము. బాణములు తుపాకుల నెంతకాల మాపగలవు? 1651లో మిగిలిన కరీబులను తఱుముకొని పోగా, వారు ఉత్తరపు కొసనున్న యెత్తైన కొండచరియను చేరిరి. వెనుక శత్రువు, ముందు సముద్రము. పట్టువడుటకు ఒప్పుకొనక వారు ఆ చరియమీదనుండి నీటిలోనికి దుమికిరని చెప్పుదురు. ఆ చోటికి ఫ్రెంచివారే సోటెర్స్ అని పేరు పెట్టిరి. దుమికినవారని దాని యర్థము. బొబ్బిలికోట కథ వినుచు పెరిగిన మనకు ఈ మాట విన్నంతనే గుండె జల్లుమనును. నేను పుస్తకము మూసి చాలసేపు మాటాడలేకపోతిని. దేశము ఆవగింజంత కావచ్చును. ఆ చరియమీద నిలిచిన తల్లికి తన బిడ్డ ఆవగింజంత కాదు గదా!

ఆ తరువాత ద్వీపము జూదములోని పావువలె చేతులు మాఱినది. 1763లో ఫ్రెంచివారు దానిని ఇంగ్లీషువారికి ఒప్పగించిరి. 1779లో మఱల గెలుచుకొనిరి. 1783 సంధిలో తిరిగి ఇచ్చివేసిరి. దొరలెవరైనను పొలములో పని చేయువారు మాత్రము ఒక్కరే: ఆఫ్రికానుండి సంకెలలతో తెచ్చిన బానిసలు. ఆ దినములలో ఐరోపావారి టీ గిన్నెలలోని చక్కెరకై ఈ దీవులన్నియు చెఱకు తోటలైనవి. తల్లి బానిసయైనచో పుట్టిన శిశువును బానిసయే. తల్లినొకచోటికి, బిడ్డనొకచోటికి అమ్మవచ్చును. చక్కెర తీయనిదని మనము నేర్చినది చిన్ననాడే. అది యెవరి కన్నీటితో పండినదో మనకెవ్వరును చెప్పలేదు.

ఆ కాలపు స్త్రీ యొకతెను మీకు పరిచయము చేయవలెను. మారీ రోజ్ కవెలాన్ అనునామె నల్లజాతి రక్తము కలదియైనను బానిస కాదు, స్వతంత్రురాలు. అయినను 1787లో, స్వతంత్రురాలనని చూపుటకు తగిన కాగితము లేదని ఆమెను చెఱలో పెట్టిరి. ఆమె భర్త జూలియన్ ఫెదోన్ తోటల యజమాని. ఆయనకును తన యాస్తితో సమానమైన గౌరవము తెల్లవారి రాజ్యమున లేదు. 1795 మార్చిలో ఫెదోన్ తిరుగుబాటు లేవనెత్తెను. బానిసలు వేలకు వేలుగా ఆయన వెంట నడచిరి. రాజధాని తప్ప దాదాపు ద్వీపమంతయు పదునైదు నెలలు వారి చేతిలో నుండెను. ఆ పోరులో వారు చెఱపట్టిన గవర్నరును, మఱి నలువదిమందికి పైగా బందీలను చంపిరి; ఆ పనిని నేను మెచ్చుకొనజాలను. 1796లో ఇంగ్లీషు సేనలు వారి నణచివైచినవి. ఫెదోన్ మాత్రము ఎవరికిని చిక్కలేదు. ఏమైనాడో నేటికిని తెలియదు. తన స్వేచ్ఛకు కాగితము చూపుమని అడుగబడిన యిల్లాలిని తలచినపుడెల్ల, ఈ నిప్పు ఎక్కడ రాజుకొన్నదో నాకు కొంత తెలిసినట్లుండును.

1834 ఆగస్టు 1వ తేదీన బానిసత్వము చట్టముచే తొలగినది. అప్పటికి గ్రెనెడాలో బానిసలు సుమారు 23,600 మంది. అయినను మఱి నాలుగేండ్లు శిక్షణ యను పేరుతో వారిచేత అదే చాకిరి చేయించి, 1838లో గాని పూర్తిగా విడువలేదు. నష్టపరిహారముగా ఇంగ్లీషు ప్రభుత్వము తన రాజ్యమందంతట కలిసి రెండు కోట్ల పౌనులిచ్చెను. ఎవరికనుకొంటిరి? యజమానులకు! వెన్ను విఱిగినవారికి ఒక్క కాసైనను లేదు.

విడుదలయైనవారు చెఱకు తోటలలో నిలువలేదు. కొండవాలున చిన్న చిన్న మడులు కొనుక్కొని స్వంతముగా పండించుకొనిరి. అపుడు ఆ దీవికి తూర్పుదేశములనుండి రెండు వచ్చినవి. ఒకటి జాజిమొక్క, రెండవది మన దేశపు కూలీలు.

కూలీల సంగతి ముందు చెప్పెదను. 1857 మే 1వ తేదీన మెయిడ్‌స్టన్ అను ఓడ కలకత్తానుండి గ్రెనెడా చేరెను. దారిలో చాలమంది వ్యాధులచే చనిపోగా, దిగినవారు 287 మంది. ఆ తరువాత దాదాపు ముప్పది యేండ్లలో మొత్తము మూడు వేలకు పైగా మనవారు ఆ దీవికి పోయిరి. కొన్నియేండ్లు కట్టుబడి పని చేయవలెనని ఒడంబడిక. గడువు తీఱినను తిరిగి వచ్చినవారు తక్కువ. అంత చిన్న గుంపుగా నుండుటచే వారి భాష నిలువలేదు, దేవుని పేరును మాఱినది. ఒకటి మాత్రము నిలిచినది. నేటికిని ఆ దీవిలో కూర నింపి మడచిన రొట్టెను రోటీ యనియే పిలిచి అందఱును తినుచున్నారట. భాష మఱచినను వంట మఱవలేదు. వంటింటిలోనివారమైన మనకు ఇందు గర్వపడవలసినది కొంత కలదు.

ఇక జాజిమొక్క. దాని పుట్టిల్లు నేటి ఇండోనీషియాలోని బందా దీవులు. ఆ కాయలకై డచ్చివారు 1621లో బందా ప్రజలను ఊచకోత కోసిరి. అంత నెత్తురు చూచిన మొక్క 1843 ప్రాంతమున గ్రెనెడా చేరినది. మన్ను నచ్చినది, వాన నచ్చినది. చెఱకునకు పెద్ద తోట, పెద్ద మిల్లు, వందలకొలది చేతులు కావలెను. జాజికి అవి అక్కఱలేదు. పెరటిలో పది చెట్లున్నచో పేదయిల్లు గడచును. అందుచే అది దొరల పంటగా వచ్చి కాపుల పంటగా మాఱినది.

జాజికాయ ఎట్లు కాయునో నాకు ఇంతకాలము తెలియదు. మీలోను పెక్కురకు తెలియదేమో. పండు పసుపుపచ్చగా చిన్న జామపండంత యుండును. పండగానే తనంతట తాను రెండుగా విచ్చుకొనును. లోపల నల్లని పెంకుకు ఎఱ్ఱని వలవంటి పొర చుట్టుకొని యుండును. ఆ యెఱ్ఱని వలయే మన జాపత్రి. ఎండిన పిదప రంగు మాఱును. పెంకులోని గింజయే జాజికాయ. పైకండను కూడ పాఱవేయరు. చక్కెరతో ఉడికించి మురబ్బా చేయుదురు. గుయావ్ అను పట్టణమున కాయల నెండబెట్టి, ఏఱి, సంచులకెత్తు పెద్ద కొట్టు కలదు. అచట కూర్చుండి కాయ లేఱువారిలో ఎక్కువమంది స్త్రీలే. కాయలను నీటిలో వేయుదురు. మునిగినది మేలురకము, తేలినది తక్కువరకము. బరువైనది నిలుచును, బోలుది తేలిపోవును; మనుష్యులకు కూడ ఈ పరీక్ష చెల్లునేమో!

ఇంకొక వింత. జాజిచెట్లలో మగచెట్లు వేఱు, ఆడుచెట్లు వేఱు. కాయ కాయునవి ఆడుచెట్లే. గింజ పాతిన పిదప అయిదాఱేండ్లకు, ఒక్కొకప్పుడు ఏడెనిమిదేండ్లకు పూత వచ్చును. అంతవఱకు ఏది ఆడుదో ఏది మగదో తెలియదు. నిండుకాపునకు మఱి కొన్ని యేండ్లు పట్టును. అట్టి చెట్టును నాటువానికి ఎంత ఓర్పు కావలెనో చూడుడు!

ఆ ఓర్పు ఆ దేశమునకు రాజకీయములందును కావలసివచ్చెను. 1951లో వయసు వచ్చిన వారందఱకును, స్త్రీలకును, వోటు హక్కు కలిగెను. 1968లో హిల్డా బైనో అను వైద్యురాలు గవర్నరు పదవి నధిష్ఠించెను. బ్రిటిషు కామన్వెల్తు దేశములలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అదియును ఈ యావగింజలోనే జరిగినది. 1974 ఫిబ్రవరి 7వ తేదీన స్వాతంత్ర్యము వచ్చినది. జెండాపై జాజికాయ నెక్కించిరి. అయినను మొదటి ప్రధాని ఎరిక్ గెయిరీ పాలనలో బెదిరింపులు, దౌర్జన్యములు మితిమీఱినవి. 1979 మార్చి 13న మారిస్ బిషప్ అను యువ న్యాయవాదియు, ఆయన తోడివారును ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. పెద్దలకు చదువు నేర్పిరి. 1980లో ప్రసవమునకు మూడు నెలల సెలవు నిచ్చు చట్టము చేసిరి. కాని ఎన్నికలు జరుపలేదు. ఎదిరించినవారిని విచారణ లేక చెఱలలో నుంచిరి. తుదకు తమలో తామే చీలిరి. 1983 అక్టోబరు 19న బిషప్‌ను, విద్యామంత్రిణిగా నుండిన జాక్లిన్ క్రెఫ్ట్‌ను, మఱికొందఱిని రాజధానిలోని కోటలో గోడకు నిలిపి తమవారే కాల్చి చంపిరి. ఆఱు దినములకు, 25వ తేదీన, అమెరికా సేనలు ఆ దీవిమీద దిగినవి. అచటి ప్రజలలో పెక్కురు వారిని రక్షకులని ఆహ్వానించిరి. ఐక్యరాజ్యసమితి సభలో అధికసంఖ్యాకులైన దేశములవారు ఆ దండయాత్రను తప్పు పట్టిరి.

చంపబడినవారి శరీరములు నేటికిని దొరకలేదు. భారతమున స్త్రీపర్వమును చదివినవారికి ఈ మాట బరువు తెలియును. గాంధారికి కనీసము యుద్ధభూమిలో తన బిడ్డల దేహములు కనబడినవి. కౌగిలించుకొని యేడ్చుటకు చోటుండెను. ఆ దీవిలోని తల్లులకు ఆ చోటును లేదు. బిషప్ కాలమున మొదలిడిన విమానాశ్రయమునకు 2009లో ఆయన పేరే పెట్టిరి. పేరు పెట్టుటకు స్థలము దొరకినది, సమాధి కట్టుటకు దొరకలేదు.

ఇపుడు గాలి సంగతి. 1955 సెప్టెంబరులో జానెట్ అను పెనుగాలి జాజిచెట్లలో ఎక్కువభాగమును పడగొట్టెను. ప్రజలు మఱల నాటిరి. ఆ నాటినవే పెరిగి, గ్రెనెడాను ఇండోనీషియా తరువాత ప్రపంచమున రెండవ జాజి దేశముగా నిలిపినవి. 2004 సెప్టెంబరు 7న ఐవన్ వచ్చెను. 39 మంది చనిపోయిరి. పదియిండ్లలో తొమ్మిదింటికి దెబ్బ తగిలినది. మఱుసటి యేడు జులైలో ఎమిలీ వచ్చెను. ఈ రెంటికి జాజిచెట్లలో నూటికి తొంబదివఱకు పోయినవని లెక్క. ఇల్లు కూలిన నొక యేడాదిలో కట్టుకొనవచ్చును. నిండుకాపు చెట్టు కూలిన పది పదునైదేండ్లు కూలినట్లే. కొందఱు ముసలి కాపులు విసిగి నేల విడిచిరి. కొందఱు నడుమ అరటియు, కోకోయు వేసికొని, వాని నీడలో జాజిమొక్కలు పాతిరి. దిగుబడి పూర్వస్థితికి నేటికిని చేరలేదు. అయినను గుయావ్ కొట్టులో కాయల వాసన పోలేదు. 2024 జులై 1న బెరిల్ అను పెనుగాలి కారియాకూ దీవిలో ఇంచుమించు ప్రతియింటిని గాయపఱచినది. పడవలు కట్టుటలో పేరెన్నికగన్న ఆ దీవివారు మఱల సుత్తులు చేతబట్టవలసివచ్చెను.

పుస్తకము ముగియుసరికి రాత్రి పొద్దుపోయినది. మావారు నిద్రించుచుండిరి. నేను నాన్నగారి జాబును మఱల విప్పితిని. “ఎవరికొఱకు నాటవలెను?” అను మాటను ఈమాఱు వేఱుగా చదివితిని. జానెట్ గాలి తరువాత జాజిమొక్కలు నాటిన ముసలివారిలో ఎందఱు వాని కాపు చూచిరో! ఐవన్ తరువాత నాటినవారికి బెరిల్ వచ్చునని తెలియదు. తెలిసినను నాటియుందురనియే నాకు తోచినది. ఆ నేల వారికి తాతల నాటిది కాదు; వారి తాతలను ఎవరో పట్టి తెచ్చి పడవేసిన నేల. ఆ చెట్టు కూడ వారిది కాదు. ఎవరో తెచ్చి పాతినది. రెండును పరాయివే. నాటి, కూలి, మఱల నాటినందున రెండును వారివైనవి. స్వంతమనుట పత్రముచే వచ్చునది కాదని, నాటుటచే వచ్చునదని ఆ యావగింజ దేశము నాకు చెప్పినది.

తిత్లీకి పడిన తోట మా తాతగారు నాటినది. అది నాన్నగారికి వచ్చినది. ఆయన నాటినది కాదు. అందుచే అది పోయినపుడు ఆయనకు తండ్రి రెండవమాఱు పోయినట్లయినది. ఇది నేను ఇంతవఱకు గ్రహింపలేదు. అమ్ముమని సలహా చెప్పినవారిలో నేనును ఉంటినని మీయొద్ద దాచనేల?

మఱునాడు ఉదయము నాన్నగారికి జాబు వ్రాసితిని. గ్రెనెడా కథ అంతయు వ్రాయలేదు; ఆయన కన్నులకు అంత చదువుట కష్టము. “నాన్నగారూ, అమ్మవలదు. మీరు గుంతలు తీయించుడు. వేసవి సెలవులకు పిల్లలతో వచ్చి మొక్కలు మేమే తెత్తుము. మీ మనుమని చేత మొదటి మొక్క పెట్టింపుడు. వాడికి ఎనిమిదేండ్లు. చెట్టు కాపునకు వచ్చుసరికి ఎక్కుటకు సరిపోవును” అని వ్రాసితిని. జాబుతో పాటు ఒక జాజికాయను కాగితమున చుట్టి పంపితిని, ఎందుకని ఆయన అడుగునట్లు.

ఇంకను జవాబు రాలేదు. వచ్చినను రాకున్నను వేసవికి ప్రయాణము నిశ్చయము. సోదరీమణులారా! మీరు ఈసారి పోపుల పెట్టె తెఱచి జాజికాయను చేతికి తీసికొన్నపుడు ఒక్క క్షణము దానిని చూడుడు. మనము చిన్నదని విడిచిన చుక్కలో ఎంత కథ యున్నదో!